డబ్బా మూత చప్పుడు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద పురుగుమందుల దుకాణాలు ఎన్ని ఉన్నా, చుట్టుపక్కల పత్తి రైతులు బాలరాజు దగ్గరికే వస్తారు. మందు ఎక్కడైనా దొరుకుతుంది గానీ, తిట్టి మరీ ఇచ్చేవాడు బాలరాజు ఒక్కడే. పత్తి ఆకు చేతిలో పెడితే చాలు, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక్క చూపు చూసి తెగులు పేరు చెప్పేస్తాడు. మందు మాత్రం అంత తొందరగా ఇవ్వడు. ముందు ఒక ప్రశ్న వేస్తాడు.

“ఇంతకుముందు ఏం కొట్టినవ్? ఎన్నిసార్లు కొట్టినవ్? నిజం చెప్పు.”

రైతు అక్కడ నీళ్లు నములుతాడు. వేరే దుకాణంలో కొన్నానని చెప్పడానికి మొహమాటం. “ఏం కొట్టలేదన్నా” అంటాడు. బాలరాజు ఆ ఆకును తిరిగి వాడి చేతిలోనే పెడతాడు. “అయితే పో. అబద్ధం చెప్పేటోనికి నేను మందియ్య. మీద మీద కొట్టి చేను మాడగొట్టుకుని మల్ల నా పేరే చెప్తవ్.” వాడు రోడ్డు దాకా వెళ్లి, తల గోక్కుంటూ వెనక్కి వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పి మందు పట్టుకెళతాడు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

బాలరాజు దగ్గర ఇంకో మాట కూడా ఉంది. అది దుకాణంలో అడుగుపెట్టిన ప్రతివాడూ వినాల్సిందే. “పురుగు కనవడకముందే కొట్టకు. పురుగు మందుకు అలవాటు వడ్తది. అసలు పురుగు వచ్చిన్నాడు నీ చేతుల ఏముండది.”

ఈ మాట అతను చదువుకుని నేర్చింది కాదు, అక్క చేనులో నేర్చింది. బాలరాజుకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త చనిపోయి పుట్టింటికి తిరిగొచ్చిన అక్క మాణిక్యమ్మ, తమ్ముణ్ని కొంగు చాటున పెట్టుకుని నాలుగెకరాల్లో పత్తి పండించింది. తమ్ముడి డిగ్రీ చదువు ఆ పత్తి పెట్టిన భిక్షే. ఒక ఏడు ఎవరో చెప్పారని, పురుగు రాకముందు నుంచే వారం వారం మందు కొట్టించింది. దసరా దగ్గరపడేసరికి కాయతొలిచే పురుగు వచ్చింది. అప్పుడు ఏది కొట్టినా చావలేదు. బాలరాజు ఒక పురుగును పట్టుకొచ్చి, మూతెడు మందులో వేసి చూశాడు. అది ఆ మందులోనే పాకి, అంచెక్కి, బయటికి వచ్చేసింది. అక్క గట్టు మీద చతికిలబడింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. ఇరవయ్యేళ్ల బాలరాజు కళ్లల్లో నిలిచిపోయిన ఆ పురుగు, నలభై ఎనిమిదేళ్లు వచ్చినా అక్కడే ఉంది.

ఆ మాణిక్యమ్మ ఇప్పుడు బాలరాజు ఇంట్లో, దుకాణం వెనక గదిలో మంచం పట్టింది. రెండేళ్ల కిందట రొమ్ముకు ఆపరేషన్ చేశారు. ఈ వానాకాలం మొదట్లో క్యాన్సర్ వెన్నెముకకూ తుంటి ఎముకకూ పాకిందని తేలింది. హైదరాబాద్ డాక్టరు కాగితాలు మడిచి చేతికిచ్చి, రోగానికి ఇక మందు లేదనీ, నొప్పికి మాత్రం ఉందనీ చెప్పి, ఇళ్లకు వచ్చి చూసే ఒక వ్యాన్ వాళ్ల నంబరు రాసిచ్చాడు. ఆ రోజే దవాఖాన వరండాలో పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన అడగకుండానే చెప్పాడు: “గిప్పుడేం నొప్పి పటేలా. ఆఖరుకు వచ్చే నొప్పి చూడలేం.” డాక్టరు చెప్పింది బాలరాజు ఒక చెవితో విన్నాడు. ఆ ముసలాయన మాట మాత్రం ఇంటిదాకా మోసుకొచ్చాడు.

వ్యాన్‌లో వచ్చిన నర్సు పేరు మౌనిక. మహేశ్వరం దగ్గరి రైతు బిడ్డ. మాణిక్యమ్మ మంచం అంచున కూర్చుని, నొప్పి ఎక్కడ, ఎట్లా, ఎప్పుడు అని అరగంట అడిగింది. తర్వాత బాలరాజుకు గోళీల రేకు చూపించింది.

“అన్నా, ఇది మార్ఫిన్. నాలుగు గంటలకొకటి. పొద్దుగాల ఆరుకు, పదికి, రెండుకు, మల్ల ఆరుకు. రాత్రి పదికి రెండు. నొప్పి ఉన్నా లేకున్నా టైంకు వెయ్యాలె.”

“నొప్పి లేకుంటే ఎందుకు బిడ్డా?”

“నొప్పి రాకుండనే.”

బాలరాజు తల ఊపాడు. అతని ముందు రైతులు ఊపినట్టే ఊపాడు. అప్పటికి సరేననడం, ఇంటికి పోయి తనకు తోచింది చేయడం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడికి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు! ఇప్పటి నుంచే రోజుకు ఆరు గోళీలు మింగిస్తే అక్క ఒంట్లో నొప్పి మందుకు మొండిదై కూర్చుంటుందనీ, ఆ ముసలాయన చెప్పిన ఆఖరి నొప్పి వచ్చిన రోజు ఇవి ఉప్పు బిళ్లల్లా పనికిరాకుండా పోతాయనీ అతనికి గట్టి నమ్మకం. అందుకే అక్క తట్టుకోలేక కేక పెట్టినప్పుడే ఇచ్చాడు. ఇచ్చింది కూడా సగమే. మిగతావన్నీ ఒక స్టీలు డబ్బాలో వేసి మధ్య గది గూట్లో దాచాడు. ఆ డబ్బా మూత బిగువు. తీసినప్పుడల్లా టక్కుమని చప్పుడు.

ఖాళీ రేకులు చూపించాలని మౌనిక ముందే చెప్పింది కాబట్టి, గోళీలన్నీ రేకుల్లోంచి ఒలిచి మరీ దాచాడు. ఎదుటివాడు అబద్ధం చెబితే మందివ్వనివాడు, తన అబద్ధాన్ని అంత శ్రద్ధగా చేశాడు.

అతనికి అక్క మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమే కొంప ముంచింది. గంటలకొద్దీ మంచం పక్కన కూర్చుని కాళ్లు పిసికేవాడు. వేడినీళ్ల సంచి పెట్టేవాడు. అక్క దిండు అంచు నోట్లో కుక్కుకుని మూలుగుతుంటే, అతని కళ్లమ్మట నీళ్లు కారేవి. అయినా లేచి గూటి దాకా వెళ్లి, మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ మూత పెట్టి వచ్చేవాడు. ఇది కాదు, అసలుది ఇంకా రాలేదు, అప్పుడు కావాలి అనుకునేవాడు.

భార్య రేణుక శేరిగూడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ మెస్సులో పనిచేస్తుంది. పొద్దున వంట చేసి పోతే, మళ్లీ రావడం రాత్రి ఏడింటికే. “వదినె మూలుగుడు ఆగుతలేదు. గోళి ఇచ్చినవా?” అని ఆమె అడిగితే, “ఇచ్చిన” అనేవాడు. సగం గోళీ ఇచ్చినవాడు సగం నిజమే చెప్పాడు.

రెండో వారం మౌనిక వచ్చేసరికి మాణిక్యమ్మ పక్కకు ఒత్తిగిలలేకపోయింది. పదికి ఎంత నొప్పి అని అడిగితే ఎనిమిది వేళ్లు చూపించింది.

“టైంకు ఇస్తున్నవా అన్నా?”

“గడియారం ముందు పెట్టుకుని ఇస్తున్న.”

మౌనిక ఖాళీ రేకులు చూసుకుని, డాక్టరుకు ఫోన్ చేసి, ఒకటికి రెండు చేసింది. ఆ పై వారాల్లోనూ తగ్గలేదు. రెండింటికి మూడు చేసింది. “గింత డోసుకు గింత నొప్పి ఉండొద్దే” అని తనలో తాను అనుకుంటూ కాగితం మీద రాసింది. గోళీలతోపాటు ఇచ్చిన, విరేచనం సాఫీగా అయ్యే మందును మాత్రం బాలరాజు పూటపూటా తప్పకుండా పోస్తున్నాడు. అందులో దాచడానికేముంది! మార్ఫిన్ కడుపు బిగిస్తుందని ఇచ్చిన మందు అది. మార్ఫిన్ సరిగా పడని కడుపులో అది ఊరుకుంటుందా? నడుం కదిపితే ప్రాణం పోయే మనిషి, రోజుకు నాలుగుసార్లు గోడ పట్టుకుని లేవాల్సి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

కాగితం మీద పూటకు మూడు గోళీలు. అక్క కడుపులో పూటకు సగం, అదీ కొన్ని పూటలే. నెలన్నర తిరిగేసరికి స్టీలు డబ్బా దాదాపు నిండిపోయింది.

సెప్టెంబర్ చివర్లో ఒక పొద్దున పదింటికి, సైదులు అనే పత్తి రైతు గులాబీ పురుగు తొలిచిన కాయ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. బాలరాజు కాయ చీల్చి చూసి, ఎప్పటి ప్రశ్నే వేశాడు. సైదులు చూపు నేల మీదికి పోయింది.

“ఏం కొట్టలేదన్నా. ఒట్టు.”

బాలరాజు కాయ తిరిగి ఇవ్వబోతుంటే, వెనక గదిలోంచి కేక వినిపించింది. ఇన్నాళ్లూ విన్న కేక కాదు. అతని చేతిలోంచి కాయ కింద పడిపోయింది.

బాలరాజు పరుగెత్తాడు. మాణిక్యమ్మ లేవబోయి, సగంలో ఇరుక్కుపోయి ఉంది. ఒక కాలు మంచం మీద, ఒక కాలు కింద. ముట్టుకోబోతే “ముట్టకు, ముట్టకు” అని అరిచింది. ముఖమంతా చెమట. కళ్లు తమ్ముణ్ని చూస్తున్నాయి గానీ గుర్తుపడుతున్నట్టు లేవు. కాసేపటికి గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోయినా బాగుండేది.

“బాలా... నీ దుకాణంల ఉన్నది గదరా. మూతెడు తెచ్చియ్యి.”

“ఏందక్కా?”

“పురుగుల మందురా. నీకు దండం వెడత. నీ కాళ్లు మొక్కుత. నావల్ల అయితలేదు.”

తల్లి తర్వాత తల్లి అయిన మనిషి, తమ్ముడి కాళ్లు మొక్కుతానంటోంది. బాలరాజు దుకాణంలోకి ఉరికి, “పో, తర్వాత రా” అని సైదులును బయటికి తోసి, షట్టర్ దించి, ఇంట్లోకి వచ్చే తలుపుకు తాళం వేశాడు. అక్క అక్కడిదాకా నడవలేదని తెలుసు. అయినా అరల మీది డబ్బాలన్నీ ఆమె మాట విన్నట్టే అనిపించి, వాటి వైపు చూడటానికి భయమేసింది. అక్కణ్నుంచి మధ్య గదిలోకి వచ్చి గూట్లోంచి స్టీలు డబ్బా తీశాడు. మూత టక్కుమంది.

ఇదే అసలు నొప్పి. దీనికోసమే దాచాడు. కాగితం మీద మూడని ఉంది. మూడు సరిపోతాయా? అసలు పురుగు మీదపడ్డాక ఏ రైతైనా డబుల్ కొడతాడు. ఆరు గోళీలు అరచేతిలో పోసుకున్నాడు. ఇంకో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకున్నాడు. తొందరలో నీళ్లు సగం ఒలికాయి. మంచం దగ్గరికి వచ్చేశాడు. అక్క నోరు తెరిచే ఉంది. అప్పటికి ఆమె ఏమిచ్చినా మింగుతుంది.

అప్పుడే షట్టర్ దబదబా మోగింది.

“అన్నా! కొట్టిన అన్నా!” బయటి నుంచి సైదులు అరుస్తున్నాడు. తన అబద్ధానికే కోపమొచ్చి షట్టర్ మూసుకున్నాడనుకున్నాడు పాపం. “రెండుసార్లు కొట్టిన! వేరే దుకాణంల తెచ్చి కొట్టిన! నిజం చెప్తున్న, ఒక్కసారి మందియ్యే అన్నా!”

బాలరాజు చెయ్యి అక్క నోటి ముందు ఆగిపోయింది.

ఇంతకుముందు ఏం కొట్టినవ్? ఎన్నిసార్లు కొట్టినవ్? ఆ పిల్ల మౌనిక కూడా అదే కదా అడిగింది, వచ్చిన ప్రతిసారీ. అతను చెప్పిన అబద్ధం మీద ఒకటికి రెండు, రెండింటికి మూడు చేసుకుంటూ పోయింది. ఆ మూడు మీద తను ఇంకో మూడు కలిపాడు. సగం గోళీ తిన్న ఒంట్లో ఆరు పడితే ఏమవుతుందో ఆమెకు తెలియదు, డాక్టరుకు తెలియదు, తనకు అసలే తెలియదు. చేను మాడుతుందన్న మాట అతని నోటిదే. అరచేతిలోని గోళీలు చెమటకు తడిసి అంటుకున్నాయి.

ఫోన్ తీశాడు. మౌనిక ఎత్తింది.

“బిడ్డా, నేను అబద్ధం చెప్పిన.”

“ఎవరు? బాలరాజన్ననా? ఏమైంది? అవ్వ అరుపు ఇనవడుతున్నది.”

“గోళీలు ఇయ్యలే నేను. సగం సగం ఇచ్చిన. దినాం రెండుసార్లు, మూడుసార్లు, గంతే. అన్ని దాచిపెట్టిన. గిప్పుడు నా చేతుల ఆరున్నయి.”

అవతల ఆ పిల్ల గొంతు మారిపోయింది.

“చేతుల ఉన్న గోళీలు కింద పెట్టు. పెట్టినవా? ఒక్కటియ్యి. ఒక్కటే. సగం గాదు, రెండు గాదు. ఫోన్ పెట్టకు, డాక్టరు సారును లైన్ల కలుపుత. నేను తుక్కుగూడ దగ్గరున్న, వ్యాన్ తిప్పుతున్న.”

ఆ తర్వాతి గంట బాలరాజు జీవితంలో అన్నిటికంటే పొడుగైన గంట. గోళీ పడింది గానీ నొప్పి వెంటనే వినలేదు. అక్క గోడకేసి గోళ్లు గీరింది. తమ్ముడి ముంజేయి పట్టుకుని పిండింది, రక్తం వచ్చింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. “అక్కా, తగ్గుతదే, జరంత ఓపిక వట్టు” అని వందసార్లు అని ఉంటాడు. అన్న ప్రతిసారీ, ఈ ఓపిక నెలన్నరగా ఎవరి వల్ల పట్టాల్సి వచ్చిందో తలచుకుంటే, తన నోరు తనే మూసుకోవాలనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని అందరికీ చెబుతాడు. ఇక్కడ కాలింది అక్క ఒళ్లు.

మౌనిక వచ్చి ముందు అతని వైపు చూడలేదు. గడియారం పట్టుకుని మాణిక్యమ్మ ఊపిరి లెక్కపెట్టింది. డాక్టరుతో మాట్లాడి ఇంకో సగం ఇచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ ఒకటి. ఇద్దరూ పట్టుకుని ఆమెను సరిగ్గా పడుకోబెట్టి, తుంటి కింద దిండు పెట్టారు. ఆమె కాస్త కుదురుకున్నాక, మౌనిక మధ్య గదిలోకి వచ్చి స్టీలు డబ్బా చూసింది. మూడు వందలకు తక్కువ ఉండవు.

“ఆరేసుంటే ఏమయ్యేదో తెలుసా అన్నా? ఊపిరి ఆగేది. నేను రాసిన కాగితమే చంపేది ఆమెను.”

“నొప్పి అలవాటు వడ్తదనుకున్న బిడ్డా. పురుగు లెక్క.”

మౌనిక తిట్టబోయి ఆగింది. రైతు బిడ్డ కదా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

“నొప్పి పురుగు గాదన్నా. మందు తాగి మొండిగ అయ్యేది గాదు. నొప్పి పెరిగితే గోళి పెంచుతం, జర జర. ఇంతకంటె ఇయ్యొద్దని పైన గీత లేదు దీనికి. సరే గానీ, నీ దుకాణంల గడ్డి మందు అమ్ముతవ్ గద. విత్తినంక కొట్టేది. ఎప్పుడు కొట్టమంటవ్? గడ్డి మొలిచినంకనా?”

“మొలవకముందు. రెండు దినాల లోపల.”

“ఎందుకు?”

జవాబు బాలరాజుకు తెలుసు. మొలిచాక దానితో పనికాదు కాబట్టి. ఆ మాట కూడా ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్నదే. పురుగుమందూ గడ్డి మందూ పక్కపక్క అరల్లోనే ఉన్నాయి. అక్క కోసం చెయ్యి చాపినప్పుడు తప్పుడు అరలోకి పోయింది.

మిగిలిన గోళీలకు లెక్క చెప్పాలని, మౌనిక డబ్బా మొత్తం కవర్లోకి వంపుకుంది. వారానికి సరిపడా కొత్త రేకులు మాత్రం పెట్టింది. వెళ్తూ వెళ్తూ, “మల్ల రేపు వస్త. ఫోన్ చెయ్యి, ఎప్పుడైనా సరే. నిజం చెప్పు” అంది. ఆఖరి మాట విని బాలరాజు తల దించుకున్నాడు.

నాలుగు దాటాక మాణిక్యమ్మ రెండు కాళ్లూ చాపింది. బాలరాజు నమ్మలేక దగ్గరికి వెళ్లి చూశాడు. నెలన్నరగా మోకాళ్లు కడుపులోకి ముడుచుకునే ఉన్న మనిషి, నిటారుగా, వెల్లకిలా పడుకుంది. నుదుటి మీద ముడత విడిపోయింది. నిద్రపోయింది. పొట్ట లేస్తూ పడుతూ ఉంటే, అతను మౌనిక నేర్పినట్టు ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాడు. దుకాణం తెరవలేదు.

ఆరింటికి కాస్త ముందు ఆమె కళ్లు తెరిచింది. ఇన్నాళ్లకు ఆ కళ్లు తేటగా ఉన్నాయి.

“కడుపుల ఆకలైతున్నదిరా,” అంది, తనకే ఆశ్చర్యంగా. తర్వాత, “కొత్త మందు తెచ్చినవా? ఎక్కడ తిరిగినవో ఏమో నా కోసం. ముందే దొరికుంటే ఎంత మంచిగుండు.”

బాలరాజు లేచాడు. వంటింట్లో రేణుక పొద్దున వండిన అన్నంలో పాలు కలిపి, మెత్తగా పిసికి, నాలుగు చెంచాలు తినిపించాడు. గడియారం ఆరు చూపించింది. రేకులోంచి గోళీ ఒలిచి, నీళ్లు పట్టుకుని వచ్చాడు. అక్క చూసి తల అడ్డంగా ఊపింది.

“ఇప్పుడు నొస్తలేదు గదరా. ఎందుకు ఖరాబ్ చేస్తవ్? దాచిపెట్టు. ఎన్నడన్న గట్టిగ నొచ్చినప్పుడు పనికొస్తది.”

బాలరాజు గ్లాసు కింద పెట్టి మంచం పక్కనే నేల మీద కూర్చున్నాడు.

“దాచిపెట్టిందే గదక్కా ఇన్ని దినాలు.”

“ఏంది?”

“కొత్తది గాదక్కా ఇది. నెలన్నర సంది ఇంట్లనే ఉన్నది. ఆ పిల్ల మొదటి దినమే ఇచ్చింది. నేనే దాచిన. నీకు అలవాటైతే ఆఖరుకు పనిచెయ్యదని భయమైంది. మన చేన్ల పురుగు యాదికొచ్చింది. నిన్ను నేనే గోస పెట్టిన.”

మాణిక్యమ్మ చాలాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. బాలరాజుకు, ఆ దసరా ముందు సాయంత్రం గట్టు మీద ఆమె కూర్చున్న తీరు గుర్తొచ్చింది. తిట్టినా బాగుండును. చెయ్యెత్తి కొట్టినా బాగుండును.

“డబ్బ మూత చప్పుడు ఇనవడేది నాకు,” అందామె చివరికి. “నువ్వు తీసినప్పుడల్లా ఇనవడేది. గోళీలు సరిపోతలేవేమో, తమ్ముడు సగం సగం చేసి ఎల్లదీస్తున్నడేమో అనుకున్న. ఇంకోటి ఇయ్యిరా అని నోటిదాక వచ్చేది. అడిగితే ఏడికని ఉర్కుతడు, లేదని చెప్పనీకి ఎంత బాధవడ్తడు అని, దిండు కొరుక్కుంట పండుకున్న.”

బాలరాజు మంచం పట్టె మీద తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చాడు. నెలన్నర పాటు గోడకు ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు, ఒకరి కోసం ఒకరు ఆ నొప్పిని కాపాడుకుంటూ వచ్చారు. దాన్ని ఏ మందు వెనక్కి తీస్తుంది?

కాసేపటికి అతని తల మీద ఒక చెయ్యి పడింది. ఎముకల గూడు లాంటి చెయ్యి, అయినా వెచ్చగా ఉంది.

“ఆరు దాటిందేమో చూడు,” అంది మాణిక్యమ్మ.

“దాటిందక్కా.”

“సగమేనా?”

“లేదక్కా. నిండుది.”

ఆమె నోరు తెరిచింది.